లెక్కలోకి ఆలస్యంగా వచ్చిన శంభునాథ్ డే

కలకత్తా వైద్యశాస్త్రవేత్త శంభునాథ్ డే (1915–1985) గురించి మన పత్రికల్లో ఒకే కథ తిరుగుతోంది. 1959లో ‘నేచర్’ పత్రికలో కలరా విషం ఉందని నిరూపించారనీ, ఎవరూ పట్టించుకోలేదనీ, చాలా ఏళ్లకు ప్రపంచం కళ్లు తెరిచిందనీ. ఇందులో అబద్ధం లేదు. కానీ పట్టించుకోనిది ఎవరు, ఎందుకు అన్నది తేల్చకపోవడంతో ఆయన వ్యాసాల చరిత్ర ఉత్త జాలికథగా మిగిలిపోయింది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1854లో ఇటలీలో శాస్త్రవేత్త పాచీని కలరా సూక్ష్మజీవిని చూశారు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో దాన్ని వేరుచేసి, అది వదిలే విషమే రోగానికి మూలమని ఊహించారు. ఆ విషం మాత్రం డెబ్బై ఏళ్లకు పైగా చేతికి చిక్కలేదు. ప్రయోగ జంతువుల రక్తంలోకో, పొట్టలోకో సూది వేసి చూశారే తప్ప, రోగం పుట్టే పేగులో వెతికినవాళ్లు అరుదు.

లండన్‌లో 1949లో పీహెచ్‌డీ ముగించి వచ్చిన డే ఆ పేగు దగ్గరే మొదలుపెట్టారు. 1953లో సహపరిశోధకుడు చటర్జీతో కలిసి కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు వైపులా దారంతో బిగించి, లోపలికి కలరా సూక్ష్మజీవుల్ని ఎక్కించారు. పేగు నీటితో ఉబ్బింది. 1956లో విరేచనాల రోగుల నుంచి తీసిన ఇ.కోలై సూక్ష్మజీవి రకాలను ఇదే పద్ధతిలో పరీక్షించారు. 1959లో సూక్ష్మజీవుల్ని వడగట్టి తీసేశాక మిగిలిన ద్రవం ఒక్కటే పేగును నింపగలదని రెండు పుటల్లో చెప్పారు. ఇలాంటి పేగు ప్రయోగాన్ని వియోల్, క్రెండిరోపౌలో అనే ఇద్దరు పరిశోధకులు 1915లోనే చేశారు. కాబట్టి తొలి ఆలోచన డేది కాదు. ఆ ఆలోచన చేత పని చేయించినది ఆయన.

వివాదమంతా 1959 తర్వాతి పదేళ్లది. ఆ వ్యాసాన్ని ఎవరూ చదవలేదనడం నాకు సరిగా తోచదు. అదే ఏడాది బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో దత్తా, పాన్సే, కులకర్ణి కుందేలు పిల్లల్లో కలరా విషం పాత్రను చూపారు. ఘనత రెండు చోట్లకు పంచుకుపోయింది. పైగా పేగు కట్టే పద్ధతి త్వరలోనే ప్రయోగశాలల్లో రోజువారీ పరీక్ష అయింది. సామెత చెప్పేవాడు దాన్ని కట్టినవాడి పేరు చెప్పనట్టే, ఆ పరీక్ష వాడేవాళ్లకు ప్రతిసారీ డే పేరు రాయాల్సిన పని లేకపోయింది.

అయితే అసలు కారణం వేరే ఉందంటాను. 1950లలో కలరా సంపన్న దేశాల సమస్య కాదు. 1961లో ఇండోనేషియాలోని సులవేసి నుంచి ఏడో మహమ్మారి బయల్దేరింది. అంతకు ముందే, 1960లో, అమెరికా అండతో ఢాకాలో కలరా పరిశోధనశాల వెలిసింది. డబ్బు, మనుషులు, పత్రికలు ఒక్కసారిగా ఇటు తిరిగాక, 1969లో ఫింకెల్‌స్టైన్, లోస్పల్లూటో విషాన్ని శుద్ధి చేశారు. డే వ్యాసం మారలేదు, దాని అవసరం ఉన్నవాళ్లు పెరిగారు. డబ్బే అన్నీ చేసిందని కాదు; బలం లేని వ్యాసమైతే ఎంత డబ్బు వచ్చినా నిలిచేది కాదు. ఇంకో సంగతీ మరవకూడదు. ఒక వ్యాసాన్ని తర్వాతి వ్యాసాలు ఎన్నిసార్లు ఉదహరించాయో లెక్కపెట్టడానికి గార్ఫీల్డ్ అనే అమెరికన్ రూపొందించిన సైటేషన్ సూచిక తన లెక్కను 1961 నాటి పత్రికలతో మొదలుపెట్టింది. డే ముఖ్యమైన వ్యాసాలు మూడూ అప్పటికే అచ్చయిపోయాయి; అంతవరకు వాటికి వచ్చిన సైటేషన్లు మొదట ఆ లెక్కలోకి రాలేదు.

1978లో స్టాక్‌హోమ్‌లో కలరాపై జరిగిన నోబెల్ సింపోజియం డేను పిలిచింది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ఒకసారికి మించి ప్రతిపాదించారు. డే చనిపోయిన మరుసటి ఏడాది, 1986లో, గార్ఫీల్డే కలరా పరిశోధనపై ఆయన ప్రభావం గురించి వ్యాసం రాశారు. మన సైన్స్ అకాడమీలు మాత్రం ఆయన బతికుండగా ఫెలోగా ఎన్నుకోలేదు. ‘కరెంట్ సైన్స్’ ప్రత్యేక సంచిక వచ్చింది 1990లో. బయటివాళ్లది ఆలస్యం, మనవాళ్లది నిర్లక్ష్యం.

ఇప్పుడు ఆ నిర్లక్ష్యానికి అంకెల ముసుగు దొరికింది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన, ఎన్ని వ్యాసాలకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే హెచ్-ఇండెక్స్ ఇవాళ ఉద్యోగాలకూ, పదోన్నతులకూ కొలబద్ద అయింది. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండేళ్లలోపు వ్యాసాలకు వచ్చిన సైటేషన్లనే చూస్తుంది. ఈ తూకంలో డే లాంటివాళ్లు తేలిపోతారు. సైటేషన్ల లెక్క పనికిరానిదని అనను. డే విలువను చాటినవాళ్లలో ఆ లెక్క కనిపెట్టిన గార్ఫీల్డూ ఉన్నారు. కానీ గార్ఫీల్డ్ అంకె దగ్గర ఆగలేదు, వ్యాసాలు చదివారు. మన ఎంపిక సంఘాలు చేయవలసిందీ అదే. అభ్యర్థి హెచ్-ఇండెక్స్ అడిగే ముందు, అతని మేలైన మూడు వ్యాసాలను తెప్పించుకుని చదవాలి.