తీరిక వేళల తపస్సు: రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్ర జీవితము

మానవుని బ్రదుకుతెరువు ఒకటియు, మనస్సు కోరునది వేరొకటియు అగుట లోకమున సామాన్యము. పగలెల్ల కచ్చేరిలో లెక్కలు వ్రాసి రాత్రి వీణ పట్టువారును, పొలము పనులు ముగించుకొని దీపము చెంత గ్రంథము విప్పువారును ప్రతి గ్రామమునందును కలరు. అందు పెక్కుమందికి ఆ యభిలాష నాలుగు దినముల ముచ్చటగా ముగియును. కొలదిమందికి మాత్రము అదియే జీవితమగును. ఈ భేద మెట్లు కలుగునో తెలిసికొనుటకు హైదరాబాదు చరిత్రలో చిరస్థానము సంపాదించిన ఛాయాగ్రాహకుడు రాజా లాలా దీన్‌దయాళ్ వృత్తాంతము చక్కని నిదర్శనము.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరమున మీరటు నగరమునకు చేరువనున్న సర్ధనా గ్రామమున నొక జైన కుటుంబమునందు జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలయందు విద్య నభ్యసించి, 1866లో మధ్య హిందూస్థానమునందలి ఇండోరు నగరమున మరామత్తు ఇలాఖా కార్యాలయమున ప్రవేశించెను. కట్టడములకు అంచనాలు కట్టుట, పటములు గీయుట అతని పని. ఇంగ్లీషువారి యేలుబడిలో సర్కారు కొలువనగా నెలతిరుగగనే చేతికందు జీతము, నలుగురిలో మర్యాద. గృహస్థునకు ఇంతకంటె కావలసిన దేమి యని ఆనాటివా రెవరైనను అనియుందురు.

1874వ సంవత్సర ప్రాంతమున, ముప్పదేండ్ల వయస్సున, అతని మనస్సు ఛాయాచిత్రకళపైకి పోయెను. నేడు చేతిలో నిముడు టెలిఫోనుతో క్షణములో బొమ్మ తీయువారికి ఆనాటి శ్రమ ఊహకందదు. ఫ్రాన్సు దేశీయుడగు డాగెర్ కనిపెట్టిన పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియను పద్ధతి దానిని త్రోసివేసి, తరువాతి మూడు దశాబ్దములు అంతటను వ్యాపించెను. ఈ పద్ధతిలో గాజుపలకను నిర్మలముగా తుడిచి, జిగురువంటి కొలోడియను ద్రవమును దానిపై సమముగా పోయవలెను. పిమ్మట చీకటిలో దానిని వెండి లవణపు నీట ముంచవలెను. తడి యారకమునుపే పలకను కెమేరాలో నమర్చి బొమ్మ తీసి, వెంటనే మరల చీకటిలో మందులతో కడిగి రూపమును తేల్పవలెను. ఇదంతయు ఇంచుమించు పది పదునైదు నిమిషములలో ముగియవలెను. మన దేశపు వేసవిలో పలక మరింత త్వరగా నెండిపోవును. కావున ఊరి వెలుపల బొమ్మ తీయదలచినవాడు కెమేరా, మూడుకాళ్ల స్టాండు, మందుసీసాలు, గాజుపలకలు, శుభ్రమైన నీరు, చీకటి గుడారము అన్నియు వెంట మోయించుకొని పోవలసినదే. పిదప కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి సిద్ధపరచిన కాగితముపై ఆ పలక నుంచి, సూర్యరశ్మిలో అచ్చు తీయవలెను. ఇట్టి కళను ఉద్యోగి యొకడు తీరిక వేళల సాధింప బూనుట సామాన్య విషయము కాదు.

దీన్‌దయాళ్ సాధించెను. కాని అతడు ఉద్యోగమును త్రోసిపుచ్చి కెమేరా పట్టలేదు. ఇంచుమించు పదియేండ్లు ఈ రెండింటిని జోడెద్దులవలె ఒక్క కాడికి కట్టి నడపెను. ఇండోరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు అతని నాదరించెను. గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీ ప్రోత్సాహ మొసగెను. వారి మూలమున పెద్దల దర్శనము లభించెను. రాజప్రతినిధి నార్త్‌బ్రుక్ ప్రభువు చిత్రమును, 1875-76లో మన దేశమునకు విచ్చేసిన వేల్సు యువరాజు పర్యటన చిత్రములను తీయు నవకాశము అతనికి కలిగెను.

ఇచ్చట నొక్క విషయము గమనింపదగినది. అభిలాషకు ఉద్యోగము అడ్డుగోడ యని సామాన్యముగా తలతురు. దీన్‌దయాళ్ విషయమున ఆ గోడయే మెట్టయ్యెను. కట్టడములకు అంచనా కట్టు కన్ను స్తంభము నిలువును, తోరణము వంపును, గోడపై వెలుగునీడల పోకడను ఇట్టే పసిగట్టగలదు. పటములు గీసిన చేతికి కొలత తప్పదు. 1882 ప్రాంతమున సర్ లెపెల్ గ్రిఫిన్ మధ్య హిందూస్థానమునందలి పురాతన కట్టడములను దర్శింప బయలుదేరినపుడు దీన్‌దయాళ్ అతని వెంట నుండెను. గ్వాలియరు, ఖజురాహో, సాంచి మున్నగు చోట్ల నతడు తీసిన చిత్రములు 1886లో గ్రిఫిన్ ప్రకటించిన గ్రంథమునకు ప్రాణమయ్యెను. కార్యాలయమున గడచిన దినములు వ్యర్థము కాలేదనుటకు ఆ చిత్రములే సాక్ష్యము.

అయినను, రెండు పడవలపై కాళ్లు చిరకాలము నిలువవు. నలుబదియేండ్ల ప్రాయమునకు ఎన్నుకొనక తప్పని సమయము వచ్చెను. ఒకవైపు ఇరువదియేండ్ల కొలువు, స్థిరమైన జీతము. మఱియొకవైపు విస్తారముగా సొమ్ము కోరునదియు, ప్రభువుల అనుగ్రహముపై నాధారపడినదియు నగు కళ. అందును కుటుంబ భారము గలవానికి ఈ ఎన్నిక సులభమైనది కాదు. దీన్‌దయాళ్ ఒక్క గంతున దూకలేదు. మొదట రెండేండ్లు సెలవు పుచ్చుకొనెను. ఆ కాలమున దేశ సంచారము చేసి, చిత్రములు తీసి, ఈ వృత్తి తన్ను పోషింపగలదా లేదా యని పరీక్షించుకొనెను. పోషింపగలదని నమ్మకము కుదిరిన పిమ్మటనే కొలువునుండి విరమించెను. సాహసమునకు పూర్వము పరీక్ష. పరీక్షయైన పిదప వెనుదిరుగని సాహసము. అతని జీవితము నందలి ముఖ్య విషయ మిదియే.

ఆ మలుపు అతనిని మన ప్రాంతమునకు చేర్చెను. 1885 ప్రాంతమున ఆరవ నిజాము మహబూబు అలీఖాను అతనిని ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించెను. 1886లో సికిందరాబాదునందు అతని చిత్రశాల వెలసెను. 1892లో హైదరాబాదున గోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా నొక చిత్రశాల నెలకొల్పి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. పరపురుషుని యెదుట నిలువని కుటుంబముల స్త్రీలకును తమ రూపమును చూచుకొను భాగ్యము దీనివలన కలిగెను. 1893లో అమెరికా దేశపు చికాగో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమున అతని చిత్రములు బహుమానము నందెను. 1894లో నిజాము ప్రభువు అతనికి రాజా బహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదముల నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని యర్థము. విక్టోరియా రాణినుండియు గౌరవ నియామకము లభించెను. 1896లో బొంబాయియందు సైతము చిత్రశాల తెరచెను.

కొలువు విడిచినంతనే చిక్కులు తీరునని తలచుట పొరపాటు. ఉద్యోగపు చిక్కులు పోగా, కీర్తి తెచ్చిన చిక్కులు వచ్చెను. విందులు, వేటలు, సైనిక విన్యాసములు, ప్రభువుల యాత్రలు, అతిథుల రాకపోకలు, అన్నింటికిని కెమేరా సిద్ధముగా నుండవలసినదే. మూడు నగరముల చిత్రశాలల లెక్కలు, పనివారి జీతములు, దూరదేశములనుండి రావలసిన సామగ్రి వేరు. ఈ సందడిలోను అతడు క్రమము తప్పలేదు. పలకలకు వరుస సంఖ్యయు, స్థలము పేరును వ్రాయించెడి పద్ధతి నవలంబించెను. కార్యాలయమున నేర్చిన క్రమశిక్షణమే చిత్రశాలకును వెన్నెముక యయ్యెను. గ్యాన్‌చంద్, ధరంచంద్ అను కుమారులను ఈ కళయందు తీర్చిదిద్దెను. చార్మినారు, గోలకొండ, ఫలక్‌నుమా సౌధములతోపాటు, ఔరంగాబాదు జిల్లాలో కరవు కాలపు సహాయకార్యములును అతని చిత్రశాల కెమేరా కంటబడెను. రాజుల నగలను చూపిన కన్నే కూటికై వచ్చిన బీదలను గూడ చూపెను.

1904లో కుమారుడు ధరంచంద్ మరణించెను. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన, దీన్‌దయాళ్ కన్నుమూసెను. కాలము మారెను, రాజులు పోయిరి, సంస్థానములు విలీనమయ్యెను. గాజుపలకలు మాత్రము మిగిలెను. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము అతని పలకలు 2,857 సంపాదించి భద్రపరచెను. 2006లో భారత తపాలాశాఖ అతని పేర స్టాంపు వెలువరించెను. ఆనాటి హైదరాబాదు ఎట్లుండెడిదో తెలిసికొనగోరు పరిశోధకులు నేటికిని ఆ చిత్రములనే ఆశ్రయించుచున్నారు.

పగిలిపోవు గాజు ఇంతకాలము నిలుచుటకు దానిని జాగ్రత్తపరచిన చేతులు కారణము. అట్లే క్షణభంగురమగు అభిలాష జీవితాంతము నిలుచుటకు దానిని ప్రతిదినము పోషించిన క్రమము కారణము. దీన్‌దయాళ్‌కు తీరిక దొరకలేదు. అతడు తీరికను సంపాదించెను. అందఱును కొలువులు విడువవలె నని ఈ చరిత్ర చెప్పుటలేదు. కొలువులో నుండియే పదియేండ్లు సాధన చేయవచ్చునని చెప్పుచున్నది.

మన గ్రామములందును పెండ్లి బొమ్మలు, బడిపిల్లల బొమ్మలు, తాతముత్తాతల బొమ్మలు గోడలపై మసకబారుచు, పెట్టెల యడుగున చెదలు పట్టుచు నున్నవి. అందున్నవారి నెఱిగిన వృద్ధులు జీవించియుండగనే, వెనుకవైపు పెన్సిలుతో మృదువుగా పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసియుంచినచో, ఆ కాగితము ముక్క ఇంటి యలంకారముగా గాక ఊరి చరిత్రగా నిలుచును. ఇందులకు కెమేరా యక్కరలేదు. సాయంకాలము ఒక గడియ తీరిక చాలును. అట్టి తీరికలోనే పుస్తకము చేతబట్టు పాఠకులు గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలుపుకొనుచున్నారు.