మంటనక్క, పద్మ, నా పాత పేజీలు

మొన్న శుక్రవారం సెలవు. మనామాలో బయట ఎండ మాడ్చేస్తుంటే గదిలో కూర్చుని పాత హార్డ్ డిస్కు సర్దుతున్నాను. కాలేజీ రోజుల్లో దాచుకున్న ఆదివారం కథల పేజీలు బయటపడ్డాయి. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ఇవే పేజీలు అప్పట్లో శుభ్రంగా చదివేవాణ్ణి. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే ఫైర్‌ఫాక్స్ (మన బ్లాగర్ల భాషలో మంటనక్క) కథ కొంచెం చెప్పుకోవాలి.

1998 మార్చి 31న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడును బయటపెట్టింది. దాన్నుంచి పుట్టిన మొజిల్లా సూట్ 1.0, 2002 జూన్‌లో వచ్చింది. బ్రౌజరూ, మెయిలూ, చాటూ, వెబ్ పేజీలు రాసుకునే ఎడిటరూ, అడిగినవాడికి లేదనకుండా అన్నీ పెట్టారు. బరువెక్కిపోయింది. డేవ్ హయట్, బ్లేక్ రాస్ మరికొందరు కలిసి బ్రౌజర్ ఒక్కదాన్నే విడదీశారు. అది ఆ సెప్టెంబరులో ఫీనిక్స్ 0.1గా వచ్చి, పేరు గొడవల్లో ఫైర్‌బర్డ్ అయి, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 అయింది. లోపల తక్కువ పెడదాం, మిగతాది కావలసినవాళ్లు ఎక్స్‌టెన్షన్‌గా తగిలించుకుంటారు అన్నది వాళ్ల పద్ధతి.

ఆ తలుపు తెరిచి ఉండబట్టే మనకు పద్మ దొరికింది. అప్పటి తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. గూగుల్‌లో వెతికినా దొరకదు. నాగార్జున వెన్నా రాసిన పద్మ ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపించేది. బ్రౌజర్‌లోనే ఇది పెట్టమని అడిగితే మొజిల్లావాళ్లు పెట్టేవారా? నేననుకోను. మిగతా ప్రపంచానికి అది ఉత్త బరువు.

ఆ స్వేచ్ఛకీ ఖరీదుంది. పాత ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్ కడుపులోకి నేరుగా చెయ్యి పెట్టేవి. లోపల ఏది కదిపినా ఎక్కడో ఏదో విరిగేది. 2008లో క్రోమ్ వస్తూనే పనిని విడివిడి ప్రాసెస్‌లుగా పంచుకుని వచ్చింది. ఫైర్‌ఫాక్స్ ఆ దారి పట్టేసరికి 2016 అయింది. అంతా ఒకే ప్రాసెస్‌లో ఉంటుందనుకుని రాసిన ఎక్స్‌టెన్షన్లు ఆ ఆలస్యానికి ఒక పెద్ద కారణం. చివరికి 2017 నవంబరు 14న, 57వ వెర్షన్‌తో, పాత తరహావన్నీ ఆపేశారు. వేగం నిజంగానే పెరిగింది. ఆఫీసులో అందరికీ వేసుకోమని చెప్పింది నేనే. నేను వాడిన పద్మ కూడా ఆ పాత తరహాదేనని అప్పుడు గుర్తుకే రాలేదు.

లేఖినికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. 2006లో వీవెన్ పెట్టిన ఒక మామూలు వెబ్ పేజీ అది. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు వస్తుంది, అంతే. ఎవరూ నేర్పకుండా నేను టైపింగు నేర్చుకున్నది దాంట్లోనే. (ళకి ఇప్పటికీ తడుముకుంటాను.) ఏ బ్రౌజర్ మారినా దానికి పట్టదు. కానీ నా పాత పేజీలను చదివిపెట్టడం దాని పని కాదు.

డెవలపర్‌గా అడిగితే 57 నిర్ణయం సరైనదే అంటాను. పాఠకుడిగా అడిగితే ఇంకా గొణుగుతాను. అయినా దాచుకున్నప్పుడే యూనికోడులోకి మార్చి పెట్టుకోకపోవడం నా బద్ధకం. పాత బ్యాకప్‌లో పద్మ ఫైలు దొరికింది. నెట్ తీసేసిన ముసలి ల్యాప్‌టాపులో ఫైర్‌ఫాక్స్ 52 వేసి, రాత్రి భోజనం అయ్యాక రెండేసి కథలు మార్చుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి.