జే ప్రిట్జ్‌కర్ పెవిలియన్

జే ప్రిట్జ్‌కర్ పెవిలియన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని షికాగో నగరంలో ఉన్న ఆరుబయలు సంగీత వేదిక. ఇది మిషిగన్ సరస్సు తీరాన విస్తరించిన గ్రాంట్ పార్కుకు వాయవ్య మూలలో, 24.5 ఎకరాల మిలీనియం పార్కులో ఉన్నది. దీని రూపశిల్పి ఫ్రాంక్ గెహ్రీ. 2004 జూలైలో ప్రారంభమైన ఈ వేదికకు హయత్ హోటళ్ళ అధిపతి జే ప్రిట్జ్‌కర్ పేరు పెట్టారు. ఆయన కుటుంబం నిర్మాణానికి కోటిన్నర డాలర్లు విరాళమిచ్చినది.

స్థల వివాదం

ఈ వేదిక ఇక్కడ ఉండడమే ఒక విశేషం. 1836లో తయారైన పట్టణ పటంలో ఈ తీరభూమి ప్రజల ఉమ్మడి స్థలమని, ఎల్లకాలమూ కట్టడాలు లేకుండా ఉండాలని వ్రాసి ఉన్నది. 1871 నాటి ఘోర అగ్నిప్రమాదం తరువాత శిథిలాలను సరస్సులో పోయడంతో ఆ భూమి తూర్పుకు పెరిగినది. నగరం నడిబొడ్డున అంత ఖాళీ స్థలం కనబడితే ఏ పాలకులకైనా ఆశ పుడుతుంది. అక్కడ కట్టడాలు లేవకుండా మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి 1890లో కోర్టుకెక్కి, రెండు దశాబ్దాలు పోరాడాడు. తపాలా ద్వారా సరకులు అమ్మి ధనవంతుడైన ఇతని వాదనను రాష్ట్ర సుప్రీంకోర్టు పలుమార్లు సమర్థించినది. ఫలితంగా, పార్కు నడుమ వెలియవలసిన ఫీల్డ్ మ్యూజియం దక్షిణాన వేరేచోటికి తరలవలసి వచ్చినది. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనానికి మాత్రం మినహాయింపు లభించినది.

మరి 139 అడుగుల ఎత్తున్న పెవిలియన్ ఎలా వచ్చినది? దానిని భవనంగా కాక కళాఖండంగా వర్గీకరించారు! పక్కనే ఉన్న హ్యారిస్ థియేటరుకు ఆ వెసులుబాటు లేనందున దానిలో అధికభాగం భూగర్భంలోనే ఉన్నది. ఇది చట్టాన్ని మన్నించడమో, తప్పించుకోవడమో అన్నదానిపై భిన్నాభిప్రాయాలకు తావున్నది.

నిర్మాణం

పార్కు కింద రైలు పట్టాలు, కార్ల పార్కింగు ఉన్నాయి. అంటే ఈ పచ్చిక అంతా ఒక పెద్ద మిద్దెతోట. 2000 నాటికి 15 కోట్ల డాలర్లతో పూర్తి కావలసిన పార్కు, నాలుగేళ్ళు ఆలస్యమై సుమారు 47.5 కోట్లకు చేరినది.

వేదిక చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు గాలికి విచ్చుకున్న రిబ్బన్లవలె ఉంటాయి. ముందు 4,000 కుర్చీలు, వాటి వెనుక 7,000 మంది కూర్చోగల పచ్చిక ఉన్నాయి. వీటన్నిటి పైన ఉక్కు గొట్టాలతో అల్లిన పందిరి కలదు. దాని ప్రయోజనం నీడ కాదు, స్పీకర్లను మోయడం. పందిరి ఉన్నందున ప్రేక్షకుల మధ్య స్తంభాలు అవసరం లేకపోయినది. తీగలలో సంకేతం క్షణంలో చేరినా, గాలిలో ధ్వని నెమ్మదిగా ప్రయాణిస్తుంది. అందువలన దూరపు స్పీకర్లు రవ్వంత ఆలస్యంగా పలికేటట్లు అమర్చారు. చివరి వరుసవారికి కూడా పాట వేదిక నుండే వస్తున్నట్లు తోస్తుంది.

ఉచిత కచేరీలు

ఆర్థిక మాంద్యం కాలంలో, 1935లో మొదలైన గ్రాంట్ పార్కు సంగీతోత్సవం 2004 నుండి ఇక్కడ జరుగుతున్నది. జూన్ నుండి ఆగస్టు వరకు సాగే ఈ కచేరీలను పచ్చికపై కూర్చొని వినడానికి టిక్కెట్టు అవసరం లేదు. ముందు కుర్చీలలో కొన్ని సభ్యులకు కేటాయిస్తారు. పగటిపూట వాద్యబృందం చేసే సాధనను కూడా వినవచ్చును. చాప తెచ్చుకోవడం మేలు. సరస్సు గాలి వల్ల వేసవి సాయంత్రాలలో సైతం చలి వేయవచ్చును.

"అందరిదీ" అన్న మాటకు పరీక్షలు ఎదురుకాకపోలేదు. 2005 సెప్టెంబరు 8న ఒక కార్ల కంపెనీ 8 లక్షల డాలర్లు చెల్లించి పార్కును రోజంతా అద్దెకు తీసుకొనగా, ప్రజలకు ప్రవేశం లేకపోవడం విమర్శలకు దారితీసినది. 2022 మే నెలలో పార్కులో ఒక బాలుడు కాల్పులలో మరణించిన తరువాత, గురువారం నుండి ఆదివారం వరకు సాయంత్రం 6 గంటలు దాటితే పెద్దలు తోడులేని మైనర్లను అనుమతించరాదని నగరం నిర్ణయించినది.

చుట్టుపక్కల

పెవిలియనుకు పడమరగా ముంబైలో జన్మించిన అనీశ్ కపూర్ రూపొందించిన క్లౌడ్ గేట్ కలదు. చిక్కుడుగింజ ఆకారం వల్ల జనం దీనిని "బీన్" అంటారు. తూర్పున గెహ్రీయే రూపొందించిన మెలికల కాలివంతెన రోడ్డు రొదను కూడా కొంత అడ్డుకుంటుంది.

దక్షిణాన ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తికరం. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన విదేశయాత్ర ఉద్దేశాన్ని వివరించిన స్వామి వివేకానంద, సెప్టెంబరు 11న సర్వమత మహాసభలో ప్రసంగించినది ఈ భవనంలోనే. మిషిగన్ అవెన్యూ దాటితే 1897 నాటి పాత గ్రంథాలయ భవనం, నేటి కల్చరల్ సెంటర్ వస్తుంది. అందులోని రంగుటద్దాల గుమ్మటాన్ని ఉచితంగా చూడవచ్చును. అక్కడికి ఒక వీధి పడమరగా వాబాష్ అవెన్యూపై, వీధికి ఎత్తున ఉక్కు స్తంభాల మీద నడిచే "ఎల్" రైళ్ళ స్టేషను ఉన్నది. భారతీయ దుకాణాలు, భోజనశాలలు కావలసినవారు నగరానికి ఉత్తరభాగంలోని డెవాన్ అవెన్యూకు వెళతారు. శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం పశ్చిమ శివారున అరోరా పట్టణంలో ఉన్నది.