గుండు లోపల ఏముంది?

మన ఐటీవాళ్ళం బంగారం గురించి మాట్లాడుకుంటే ఈ మధ్య రెండే ప్రశ్నలు. గ్రాము ఎంతయింది, ఈటీఎఫ్ మంచిదా బిస్కెట్ మంచిదా అని. నేను మాత్రం ఇవాళ అంతకంటే చాలా చిన్న వస్తువు గురించి రాద్దామనుకుంటున్నాను. పూస. అందులోనూ లోహపు పూస.

మాది కరీంనగర్ జిల్లా చొప్పదండి. మా వైపు బంగారు పూసని గుండు అంటారు. పుస్తెలతాడులో నల్లపూసలు, పగడాల మధ్య గుచ్చేవి గుండ్లే. చేతిలో పైసలున్న ఏడాది రెండు గుండ్లు చేరతాయి, కరువొచ్చిన ఏడాది ముందుగా పోయేవీ అవే. పుస్తె మీద ఎవరూ చెయ్యి వెయ్యరు, గుండ్లు తీసి పసుపుతాడుకి పుస్తె కట్టుకుంటారు. అంటే ఆభరణం రూపంలో ఉన్న రికరింగ్ డిపాజిట్ అన్నమాట.

ఇంతకీ పూసకి అంత చరిత్ర ఉందా అంటే, ఉంది. మనిషి ఇనుము దొరగ్గానే కత్తో గొడ్డలో చేసుంటాడని అనుకుంటాం కదా. కానీ ఇప్పటిదాకా దొరికిన అతిపాత ఇనుప వస్తువుల్లో పూసలున్నాయి. 1911లో ఈజిప్టులోని గెర్జె అనే చోట, సుమారు 5,000 ఏళ్ళ నాటి సమాధుల్లో బయటపడ్డాయి. అది గనిలో తవ్విన ఇనుము కాదు, ఆకాశం నుంచి పడ్డ ఉల్కలోది. 2013లో అచ్చయిన పరిశోధనలు ఆ సంగతి తేల్చాయి. ఉల్క ముక్కని కొట్టి కొట్టి పలుచని రేకు చేసి, గొట్టంలా చుట్టారు. మన వైపుకొస్తే, గుజరాత్‌లోని లోథల్‌లో ఆవగింజకంటే చిన్న బంగారు పూసలు దొరికాయి. ఇంకా దగ్గరికొస్తే మా పాత కరీంనగర్ జిల్లాలోనే కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు ఉన్నాయి. ఆ శాతవాహన కాలపు ఊళ్ళ తవ్వకాల్లో నాణేలతో పాటు పూసలూ దొరికాయి.

లోహం అరుదుగా ఉన్నప్పుడు పూసే ఎందుకు చేస్తారు? తక్కువ లోహంతో ఎక్కువ కనిపించాలి, అంతే లెక్క. ఆ లెక్కలోంచే బోలు పూస పుట్టింది. గుంటలున్న దిమ్మ మీద పలుచని రేకు పెట్టి కొడితే అరగోళం వస్తుంది. రెండు అరగోళాల్ని టంకంతో అతికితే గుండు.

లెక్క వేసి చూద్దాం, ఇంజినీరింగ్ చదివినందుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా! నాలుగు మిల్లీమీటర్ల వ్యాసమున్న 22 క్యారట్ల గట్టి గుండు దాదాపు 0.59 గ్రాములు తూగుతుంది. అదే సైజు గుండు 0.1 మిల్లీమీటరు మందం రేకుతో బోలుగా చేస్తే 0.085 గ్రాములే. సరిగ్గా ఏడో వంతు! గట్టి గుండు ఒక్కటి చేసే బంగారంతో బోలువి ఏడు వస్తాయి.

కానీ అంత పలుచని గుండు గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. అందుకే లోపల లక్క నింపుతారు. లక్క గుండ్లు అనే మాట మీలో చాలామంది ఇళ్ళల్లో వినే ఉంటారు. లక్క మోసం కాదు, అది గుండుకి ఎముక లాంటిది. పేద ఇంటికి కూడా బంగారు పేరు దక్కిందంటే ఆ లక్క పుణ్యమే. చిక్కల్లా తూకం దగ్గర వస్తుంది. పైన చెప్పిన గుండులో లక్క 0.03 గ్రాములు పడుతుంది. అంటే మొత్తం బరువులో నాలుగో వంతు పైనే లక్క. దాన్ని కూడా బంగారం ధరకే కొంటే?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో బంగారప్పని గురించి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. గీటురాయి మీద బంగారాన్ని ఎలా పరీక్షించాలి, పనివాడు బంగారం కాజేసే పద్ధతులు ఎన్ని అని వరసగా చెప్తాడు. తక్కెడలో మోసం ఒకటి, సీసం మీద బంగారు రేకు కప్పడం ఇంకొకటి. బోలు నగల లోపల నింపే సరుకు సంగతీ వదల్లేదు. టెస్ట్ కేసులు రాయడంలో ఆయన్ని మించిన క్యూఏ ఇంజినీరు లేడు.

మా ఇంట్లోనూ ఈ లెక్క ఒకసారి తేలింది. నా ఇంజినీరింగ్ హాస్టల్ ఫీజు కోసం అమ్మ తన గుండ్ల పేరు అమ్మింది. కొన్నప్పుడు 12 గ్రాములని తూకం వేసి ఇచ్చిన పేరు, వేరే దుకాణంలో కరిగిస్తే తొమ్మిది గ్రాములు కూడా రాలేదు. పాత చీటీలో బరువు ఉంది, లక్క ఎంతో లేదు. అమ్మ ఏమీ అనలేదు, ఇంకో గాజు తీసి బల్ల మీద పెట్టింది.

అసలు లోపల ఏదో ఒకటి పెట్టి లోహం పొదుపు చెయ్యడం మా ఉత్తర తెలంగాణ పనివాళ్ళకి బాగా తెలిసిన విద్య. ఆదిలాబాద్ వైపు ఓజా కళాకారులు గోండుల కోసం డోక్రా పని చేస్తారు. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరీంనగర్ ఫిలిగ్రీది దీనికి పూర్తిగా తిరకాసు. సన్నటి వెండి తీగల్ని మెలిపెట్టి అల్లుతారు, లోపల దాచడానికి చోటే ఉండదు, అంతా ఆరపారా కనిపిస్తుంది. దానికి 2007లోనే గుర్తింపు వచ్చింది. గుండుకి అలాంటి వెసులుబాటు లేదు. అది మూసి ఉన్న బ్లాక్ బాక్స్. చేసినవాడి మీద నమ్మకమే దానికి డాక్యుమెంటేషన్.

ఆ నమ్మకానికి మనిషి రూపం మా ఊళ్ళ అవుసులాయన, కోస్తావాళ్ళ మాటలో కంసాలి. తాత చేసిన గుండు మనవడి దగ్గరకే తిరిగొచ్చేది, లోపల లక్క ఎంతో వాళ్ళ ఇంటికి తెలుసు. 1963 జనవరిలో వచ్చిన గోల్డ్ కంట్రోల్ నిబంధనలు ఈ బంధాన్ని గట్టిగా దెబ్బకొట్టాయి. 14 క్యారట్లు మించి నగ చెయ్యొద్దన్నారు. దేశమంతా స్వర్ణకారుల పని పోయింది, ఆత్మహత్యలూ జరిగాయి. 1968లో చట్టమే వచ్చింది, 1990లో గానీ రద్దు కాలేదు. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకం కష్టాలు నిజమే కావచ్చు, కానీ మూల్యం కట్టింది కుంపటి ముందు కూర్చున్నవాళ్ళు. ఆ తర్వాత పెద్ద షోరూములొచ్చాయి, అవుసులాయన మరమ్మతులకి మిగిలాడు.

మరి ఇప్పుడు హాల్‌మార్క్ ఉంది కదా అంటారు. ఉంది. 2000లో మొదలైంది, 2021 జూన్ 16 నుంచి విడతలవారీగా తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. మంచి వ్యవస్థే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ ఒక ఎడ్జ్ కేస్ ఉంది. రెండు గ్రాముల లోపు వస్తువుకి మినహాయింపు. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే దుకాణానికీ మినహాయింపే. పూర్తయిన హారం కొంటే ముద్ర పడుతుంది. విడిగా గుండ్లు కొని ఇంట్లో గుచ్చుకునేవాళ్ళకి పడదు. అంత చిన్నదాని మీద ముద్ర వెయ్యడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ బిల్లు మీద రాయడం కష్టం కాదు కదా?

అందుకే విడి గుండ్లు కొనేటప్పుడు నేను అడిగేవి ఇవి. గట్టిదా, బోలుదా, లక్కదా? మొత్తం బరువెంత, అందులో బంగారం ఎంత? టంకం కలిపాక క్యారట్ ఎంత? జవాబులు నోటితో కాదు, బిల్లు మీద కావాలి. క్యారట్ మీటర్ చూపించి భరోసా ఇస్తే సరిపోదు, అది పైపొరనే చదువుతుంది. రంధ్రం అంచు కూడా భూతద్దంలో చూడండి. పలుచని అంచు దారాన్ని కోసేస్తుంది, అంచు మడిచినదైతే ఎక్కువ కాలం ఉంటుంది.

మనలో చాలామందికి పావు గ్రాము తేడా పెద్ద లెక్క కాదు. ఈటీఎఫ్ కొనేవాడికి ప్రతి మిల్లీగ్రాముకీ లెక్క ఉంటుంది, బిస్కెట్ కొనేవాడికి సర్టిఫికెట్ ఉంటుంది. పత్తి అమ్మిన పైసలతో ఒక్కో గుండు కొనుక్కునే మనిషి మాత్రం ఎప్పుడూ ఆ రెండు గ్రాముల గీతకి కిందే ఉంటుంది. ముద్ర అందరికంటే ఎక్కువ అవసరమైంది ఆమెకి, అది లేనిదీ ఆమెకే. ఈసారి మీ అమ్మతోనో అత్తమ్మతోనో దుకాణానికి వెళ్తే, ఆమె గుండ్లు ఎంచుకునేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఆ మూడు ప్రశ్నలు మీరు అడగండి.