బాలింత చేతిలో ఫోన్

మా చిన్నాయన కూతురు కాన్పుకు ప్రొద్దుటూరులో పుట్టింటికొచ్చి, ఐదో నెలలో బిడ్డనెత్తుకుని పులివెందులకు అత్తగారింటికి పోయింది. మొగుడు కువైట్‌లో. రోజూ వీడియో కాల్ చేస్తాడు. చుట్టూ అందరూ ఉంటారు. "బాగుండావా?" అంటే "బాగుండా" అనేది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు నాకు ఫోన్ చేసి, "నిద్రపోయి నెలైందక్కా, బిడ్డను చూసినా ఏమీ అనిపించడంల్యా" అంది.

మన వైపు బాలింతను అడిగేవి రెండే: పాలు పడ్డాయా, బిడ్డ నిద్రపోయిందా. ఏడిస్తే దిష్టి అంటారు. ఒంటికి వైద్యం మనకు ఎప్పుడో వచ్చింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంబెల్ ఆసుపత్రికి వందేళ్లు దాటాయి. మనసు సంగతే ఆలస్యమైంది. 1987లో స్కాట్లండ్‌లో బాలింతల కోసం పది ప్రశ్నల పట్టిక తయారైంది. దాన్ని ఎడిన్‌బరో స్కేల్ అంటారు. గత ఏడు రోజుల్లో నవ్వగలిగావా, కారణం లేకుండా భయపడ్డావా అని అడుగుతుంది. చివరి ప్రశ్న, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనిపించిందా అని. కాగితం మీద పుట్టిన ఈ ప్రశ్నలు ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చాయి.

మనకు ఫోన్ ఎట్లా వచ్చింది? ఒకప్పుడు ఎస్టీడీ బూత్‌కు పోవాలి, బాలింత గడప దాటకూడదు. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాక సెల్ ఇంటింటికీ చేరింది. 2005లో ఆశా కార్యకర్తల పథకం మొదలైంది. 2007లో, మన పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఫోన్‌లోనే ఆరోగ్య సలహా చెప్పే 104 వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశాలు ట్యాబ్ పట్టుకుని, బాలింతలనే కాదు, పెద్దవాళ్లందరినీ మనసు గురించి అడిగారు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలైంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇన్ని వచ్చినా మా చెల్లెలు "బాగుండా" అనే చెప్పింది. ఎందుకంటే ఫోన్ ఇంట్లో ఉంది గానీ ఆమె చేతిలో లేదు. ఆ పదో ప్రశ్నకు అత్త ముందు ఎవరు నిజం చెబుతారు?

కాన్పైన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి మామూలే. అంతకు మించి సాగితే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అనిపిస్తే, లేని మాటలు వినిపిస్తే, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మా చెల్లెలు ఇప్పుడు మందులు వాడుతోంది, కుదురుకుంటోంది. మీ ఇంట్లో బాలింత ఉంటే ఒక పని చేయండి. బిడ్డను మీరెత్తుకోండి. ఫోన్ ఆమె చేతికిచ్చి, తలుపు దగ్గరకు వేసి, ఒక అరగంట బయట కూర్చోండి.