తప్పెవరిదని అడగని ఊరు

"కడుపుతో ఉన్నప్పుడు మందు తాగారా?" పిల్లవాడికి మాటలు సరిగా రావడం లేదని వచ్చిన ప్రతి తల్లినీ నేనీ ప్రశ్న అడగాలి. పెర్త్‌లో స్పీచ్ థెరపిస్టుగా పదమూడేళ్ల నుంచీ అడుగుతున్నాను. అడగ్గానే కళ్లు దించుకుంటారు. కొందరు ఆ తర్వాత మళ్లీ రారు. ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ చరిత్ర నాకు ఇంత దగ్గరైంది అందుకే.

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో, కింబర్లీ ప్రాంతంలో, బ్రూమ్‌కు తూర్పుగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరది. బునుబా ఆదివాసుల నేల. చుట్టుపక్కల గూడేల్లో వాల్మజరి, గూనియాండి వాళ్లూ ఉంటారు. వీళ్ల తాతముత్తాతలు తెల్లవాళ్ల పశువుల ఎస్టేట్లలో తిండికీ బట్టకీ చాకిరీ చేసినవాళ్లు. 1960ల చివర వీళ్లకూ సమానంగా కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి యజమానులు కుటుంబాలకు కుటుంబాలనే వెళ్లగొట్టారు. వాళ్లంతా వచ్చి ఊరి అంచున గుడారాలు వేసుకున్నారు. 1971లో కింబర్లీ ఆదివాసులకు మందు కొనుక్కునే హక్కు ఇచ్చారు. నేల పోయింది, పని పోయింది, సీసా మాత్రం చేతికొచ్చింది. ఈ వరస తెలుసుకోకుండా ఆ తల్లుల్ని ఒక్క మాటన్నా అన్యాయమే.

2007 నాటికి ఊరు శవాలు మోసి మోసి అలిసిపోయింది. సుమారు ఒక్క ఏడాదిలో 13 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ జూలైలో ఫిట్జ్‌రాయ్ లోయలోని ఆడవాళ్లు ఊరి బయట సమావేశమయ్యారు. జూన్ ఆస్కర్, ఎమిలీ కార్టర్ నడిపిస్తున్న మార్నిన్‌వార్న్‌టికురా మహిళా కేంద్రం వెనక నిలిచింది. ఘాటు మందు ఇంటికి పట్టుకెళ్లేలా ఏడాదిపాటు అమ్మొద్దని లైసెన్సు అధికారిని అడిగారు. సొంతవాళ్లే తిట్టారు, బెదిరించారు. అక్టోబరు 2న ఆంక్ష అమలైంది. మరుసటి ఏడాది దానికి గడువు లేకుండా చేశారు.

మందు మీద ఆడవాళ్ల పోరాటం నాకు కొత్త కాదు, నాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో రోశమ్మ వాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఊళ్లోనూ అమ్మ, పెద్దమ్మ చీపుళ్లు పట్టుకుని బయల్దేరడం చూశాను. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. కానీ మా దగ్గర తాగింది మగవాళ్లు. వాళ్లను నిలదీయడానికి అమ్మకు సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఫిట్జ్‌రాయ్‌లో ఆడవాళ్లూ తాగారు. తాగామన్న మాట వాళ్లు తమ గురించి తామే చెప్పుకోవాల్సి వచ్చింది. అది ఎంత కష్టమో మా ఊరి పోరాటం చూసిన నాకు కూడా వెంటనే తట్టలేదు.

తల్లి తాగిన మందు మావి దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి ఆ చిన్న కాలేయానికి పెద్దగా ఉండదు. 1968లో ఫ్రాన్సులో పాల్ లెమ్వాన్, 1973లో సియాటిల్‌లో జోన్స్, స్మిత్ ఇలా దెబ్బతిన్న పిల్లల గురించి రాశారు. అలాంటి పిల్లవాడు నిన్న నేర్చుకున్నది ఇవాళ మర్చిపోతాడు, ఎందుకు తిట్టారో తెలియక మళ్లీ అదే పని చేస్తాడు. బడిలో మొండివాడని పేరు పడుతుంది. చాలామందికి ముఖంలో ఏ గుర్తూ ఉండదు. ఆస్ట్రేలియాలో ఇలాంటి కుటుంబాల కోసం 1999లో సంస్థ పెట్టిన స్యూ మైయర్స్ పెంపుడు తల్లి. కన్నతల్లి నోరు విప్పలేని చోట పెంచిన తల్లి మాట్లాడింది.

ఫిట్జ్‌రాయ్‌లో కన్నవాళ్లూ అమ్మమ్మలూ కలిసే మాట్లాడారు. ఇలాంటి పిల్లల కోసం 2008లో వేసుకున్న పథకానికి 'మారులు' అని పేరు పెట్టారు. బునుబా భాషలో అపురూపమైనది, సాకి కాపాడుకోదగినది అని అర్థం. జబ్బు పేరు కాదు, నేరం పేరు కాదు, బిడ్డ పేరు అది. పరిశోధకుల్ని పిలిచిందీ వాళ్లే, షరతులు పెట్టిందీ వాళ్లే. 2002, 2003లో పుట్టిన పిల్లల మీద 'లిలిల్వాన్' అధ్యయనం అలా మొదలైంది. అక్కడ మాట్లాడే క్రియోల్ భాషలో ఆ మాటకు 'చిన్నవాళ్లందరూ' అని అర్థం. 134 మంది పిల్లల్లో 127 మంది కుటుంబాలు కూర్చుని తమ కథ చెప్పాయి. నా గదిలో పది మందిలో ఎందరు చెబుతారో నాకు తెలుసు కాబట్టి, ఆ అంకె చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. సగానికి పైగా తల్లులు కడుపుతో ఉన్నప్పుడు మందు తాగినట్టు తేలింది. పరీక్షించిన 108 మందిలో 21 మందికి ఈ లోపం, అంటే ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్, ఉందని నిర్ధారించారు.

వైద్యుల పక్కన ఆ ఊరివాళ్లే కూర్చుని మాట అందించారు. అది చిన్న సంగతి కాదు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే బిడ్డను ఇంగ్లీషు పిల్లల కోసం తయారుచేసిన పరీక్షతో కొలిస్తే మాటలు రానివాడనే తేలుతుంది. లెక్క తీసుకుని వెళ్లిపోలేదు కూడా, ఏ బిడ్డకు ఏం చేయాలో విడివిడిగా రాసిచ్చారు. తర్వాత పిల్లల పెంపకంలో తోడుండే కార్యక్రమాలూ వచ్చాయి.

నేనిప్పుడు ఆ ప్రశ్న మార్చుకున్నాను. "కడుపులో బిడ్డ ఉందని ఎన్నో నెలలో తెలిసింది? అప్పటిదాకా ఎలా గడిచేది?" అని అడుగుతాను. మొన్నొక తెలుగమ్మాయి రెండు నెలల దాకా తెలియనే లేదనీ, ఆఫీసు పార్టీల్లో వైన్ తాగాననీ చెప్పింది. కాసేపాగి, "మా అత్తగారికి చెప్పొద్దక్కా" అంది. చెప్పనన్నాను. వచ్చే మంగళవారానికి బాబుకు టైమిచ్చాను.

మంగళవారం పావుగంట ముందే వచ్చి కూర్చుంది.