లండన్–సిడ్నీ: మజిలీలు తగ్గిన దారి

లండన్ నుంచి సిడ్నీకి భూగోళం మీద అతి దగ్గరి దారి దాదాపు 17,000 కిలోమీటర్లు. నూరేళ్లలో ఈ ప్రయాణం నెల రోజుల నుంచి ఒక్క రోజులోపుకు తగ్గింది. విమానాల వేగం పెరిగిన మాట నిజమే. కానీ ఆ చరిత్రలో అంతకన్నా పెద్ద పాత్ర మజిలీలది. కాలం గాలిలో కంటే నేల మీదే ఎక్కువ ఖర్చయ్యేది.

బ్రిటన్ నుంచి 30 రోజుల్లోపు విమానంలో స్వదేశం చేరే ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్ల బహుమతి ఇస్తామని 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకుని నవంబరు 12న లండన్ శివారులో బయలుదేరారు. వాళ్లది పైకప్పు లేని వికర్స్ విమీ బాంబర్ విమానం. ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా మీదుగా వెళ్లి డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. మొత్తం 28 రోజులు పట్టిన ఆ ప్రయాణంలో ఇంజన్లు తిరిగింది సుమారు 136 గంటలే. మిగతా కాలమంతా మరమ్మతులకు, ఇంధనానికి, వాతావరణం కోసం ఎదురుచూపులకు సరిపోయింది. జావాలోని సురబాయలో చక్రాలు బురదలో కూరుకుపోతే, స్థానికులు తెచ్చి పరిచిన వెదురు తడికల మీదుగా విమానం లేచింది. బహుమతి వైమానికులకు దక్కినా, ఆ తడికలు మోసినవారి పాలు కూడా ఆ విజయంలో ఉంది.

1935లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ సంస్థలు కలిసి లండన్–బ్రిస్బేన్ ప్రయాణికుల సర్వీసు మొదలుపెట్టాయి. రాత్రిళ్లు నేల మీద బస చేస్తూ, ప్యారిస్ నుంచి బ్రిందిసి దాకా రైల్లో వెళుతూ, పన్నెండున్నర రోజుల్లో గమ్యం చేరేవారు. 1938లో నీటి మీద దిగే విమానాలు వచ్చి సిడ్నీ రేవు దాకా నడిచాయి.

1942లో సింగపూర్ జపాను చేతికి చిక్కడంతో ఆ దారి తెగిపోయింది. మరుసటి ఏడాది నుంచి కాటలినా విమానాలు పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు ఎక్కడా ఆగకుండా ఎగిరాయి. ఒక్కో ప్రయాణానికి 27 నుంచి 33 గంటలు పట్టేది. శత్రువుకు ఆచూకీ తెలియకుండా రేడియో మూగగా ఉంచేవారు. ఇంధనం బరువు వల్ల ముగ్గురికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే వీలు లేదు. గాలిలోనే రెండు సూర్యోదయాలు చూసే ఆ ప్రయాణం ఈ చరిత్రలోకెల్లా సాహసోపేతమైన ఘట్టం.

1947 డిసెంబరు 1న క్వాంటాస్ కాన్‌స్టలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో సిడ్నీ నుంచి లండన్‌కు బయలుదేరింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజుల్లో చేరింది. ఆ తర్వాత వచ్చిన జెట్ విమానాలతో మజిలీలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి.

1989లో బోయింగ్ 747-400 ఒకటి లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో చేరింది. అందుకోసం ఎక్కువ సాంద్రత గల ఇంధనాన్ని ప్రత్యేకంగా తయారు చేయించారు. ఇంధనం వృథా కాకుండా విమానాన్ని రన్‌వే దాకా లాగించారు. అందులో టికెట్టు కొన్న ప్రయాణికులెవరూ లేరు. 2018 మార్చిలో పెర్త్–లండన్ మధ్య సుమారు 14,500 కిలోమీటర్ల నేరు సర్వీసు మొదలైంది. 2019లో బోయింగ్ 787 ఒకటి పరిశోధన కోసం కొద్దిమందితోనే లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో ఎగిరింది. నిండు విమానంతో ఆ దూరం దాటడానికి క్వాంటాస్ 2022లో 12 ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డరు ఇచ్చింది.